ఒకే ప్రింటరు – పలు కంప్యూటర్లు

నల్లగొండ, పాలమూరు పల్లెలలో పిండిగిర్నిని ఎరుగనివారుండరు. ఒకరు జొన్నలు, ఒకరు గోధుమలు, మరియొకరు శనగపప్పు డబ్బాలలో తెచ్చి, వరుసలో పెట్టి, తమ పనులకు పోవుదురు. గిర్నివాడు వరుస తప్పక ఒక్కొక్క డబ్బా ఎత్తి, పిండి పట్టి, మరల అదే డబ్బాలో నింపి ప్రక్కన పెట్టును. గిర్ని ఒకటి, ఊరివారు పలువురు. అయినను ఎవరును గిర్ని ముందు గంటల తరబడి నిలువవలసిన పనిలేదు. ఒకరి పిండి మరియొకరి డబ్బాలో పడదు.

ఒక కార్యాలయములోనో, పాఠశాలలోనో ఉన్న ఒకే ప్రింటరును పలు కంప్యూటర్లు వాడుకొనుట కూడ ఇట్టి పనియే. కాని గిర్నికి లేని చిక్కు ప్రింటరునకు ఒకటి కలదు. జొన్నలు ఎవరి ఇంటినుండి వచ్చినను జొన్నలే. కంప్యూటర్లు వేర్వేరు జాతులవైనచో అవి పంపు సమాచారపు రూపము వేరు. ప్రింటరు గ్రహింపగల రూపము వేరు. ఈ చిక్కు ఎట్లు కలిగినది, దానిని విజ్ఞానము ఎట్లు విడదీసినది తెలిసికొనుట ఉపాధ్యాయులకును విద్యార్థులకును ప్రయోజనకరము.

హాల్ టికెట్టు కథ

అచ్చంపేట వైపు ఒక ఉన్నత పాఠశాల ఉన్నదనుకొనుడు. ప్రధానోపాధ్యాయుని గదిలోని కంప్యూటరు విండోస్ అను నిర్వాహక వ్యవస్థతో పనిచేయుచున్నది. ప్రక్క గదిలోని పాత కంప్యూటర్లలో లినక్స్ ఉన్నది. గణితోపాధ్యాయురాలి చేతిలో ఆండ్రాయిడ్ ఫోను ఉన్నది. ప్రింటరు ఒక్కటే. అది ప్రధానోపాధ్యాయుని కంప్యూటరునకు యు.ఎస్.బి. తీగతో తగిలింపబడి యున్నది.

పదవ తరగతి పరీక్షలు దగ్గరపడినవి. హాల్ టికెట్లను పరీక్షల బోర్డు వెబ్‌సైటు నుండి దించుకొని అచ్చు వేయవలెను. ఆనాడే ప్రధానోపాధ్యాయుని కంప్యూటరు మొరాయించినది. లినక్స్ కంప్యూటరు తెరమీద హాల్ టికెట్టు చక్కగా కనబడుచున్నది; కాని కాగితము మీదికి రాదు. ప్రింటరు తీగను తెచ్చి దానికే తగిలించినను ప్రింటరు ఉలుకదు, పలుకదు. చివరకు పిల్లల పేర్లు, పుట్టినతేదీలు, ఫోటోలు ఉన్న కాగితములను పెన్‌డ్రైవులో వేసికొని, బస్సెక్కి, పట్టణములోని జిరాక్సు దుకాణమునకు పోవలసివచ్చును. బస్సు చార్జీ పోయినది, పూట పోయినది, పిల్లల వివరములు అపరిచితుని కంప్యూటరులో మిగిలినవి.

ప్రింటరు చెడలేదు. లినక్స్ కంప్యూటరు చెడలేదు. లోపించినవి మూడు: వరుసను కాచువాడు, ఇరువురికి తెలిసిన భాష, ఇరువురిని కలుపు త్రోవ. ఈ మూడింటిని ఒక్కొక్కటిగా పరిశీలింపవలెను.

వరుసను కాచువాడు

కంప్యూటరు ఒక పుటను సెకనులో చిన్న భాగములో సిద్ధము చేయగలదు. సామాన్యపు లేజరు ప్రింటరు నిమిషమునకు కొన్ని పదుల పుటలు మాత్రమే అచ్చు వేయగలదు. కంప్యూటరు తన పుటలను నేరుగా ప్రింటరు చేతికే ఇచ్చినచో, అది ముగియువరకు వేచియుండవలెను. అంతలో మరియొక కంప్యూటరు తన పుటను పంపినచో రెండును కలిసి చెడును.

ఈ చిక్కును తీర్చుటకు స్పూలరు అను కార్యక్రమమును ఏర్పరచిరి. ఇది గిర్నిలోని డబ్బాల వరుస వంటిది. ప్రతి కంప్యూటరు తన పనిని స్పూలరునకు అప్పగించి వెంటనే విముక్తి పొందును. స్పూలరు ఆ పనులను డిస్కుమీద వరుసగా దాచి, ఒకటి ముగిసిన పిమ్మట మరియొకటి ప్రింటరునకు అందించును. ఎవరి పని ఎచ్చటనున్నది అడిగిన చెప్పును. వలదన్న దానిని తొలగించును. పనులు డిస్కుమీద ఉన్నందున, కరెంటు పోయి వచ్చినను సామాన్యముగా వరుస చెరిగిపోదు. అందుచేతనే కరెంటు వచ్చిన వెంటనే, ఎవ్వరును కోరకయే ప్రింటరు పాత పుటలను అచ్చు వేయ నారంభించుట అప్పుడప్పుడు కనబడును. అది యంత్రము పిచ్చి కాదు; వరుసలో మిగిలిన డబ్బా.

భాషల తగవు

1956 నవంబరు 1వ తేదీ వరకు నల్లగొండ, మహబూబునగర్ జిల్లాలు హైదరాబాదు రాష్ట్రములోనివి. నిజాము పాలనలో కచేరీ భాష ఉర్దూ. రైతు భాష తెలుగు. తెలుగు తప్ప ఎరుగని రైతు కచేరీలో మొర పెట్టుకొనవలెనన్న అర్జీ వ్రాయువానిని ఆశ్రయింపవలసియుండెను. అర్జీ వ్రాయువాడు లేనినాడు రైతు బాధ ఎంత గొప్పదైనను కచేరీకి వినబడదు.

ప్రింటరు విషయములో ఈ అర్జీ వ్రాయువానికే డ్రైవరు అని పేరు. కంప్యూటరులోని పుటను ప్రింటరు గ్రహింపగల భాషలోనికి మార్చు కార్యక్రమమే డ్రైవరు. ప్రింటరు భాషలు పలు విధములు. 1984లో హ్యూలెట్ పాకర్డ్ సంస్థ లేజర్‌జెట్ ప్రింటరుతోపాటు పి.సి.ఎల్. అను భాషను ప్రచారములోనికి తెచ్చినది. ఆ కాలముననే అడోబి సంస్థ పోస్ట్‌స్క్రిప్ట్ అను భాషను రూపొందించినది. పోస్ట్‌స్క్రిప్ట్‌లో పుటను చుక్కలుగా గాక ఆజ్ఞలుగా వర్ణింతురు: ఇచ్చటి నుండి అచ్చటికి గీత గీయుము, ఈ అక్షరమును ఇంత పరిమాణములో ఉంచుము అని. ఆ ఆజ్ఞలను చదివి చుక్కలుగా మార్చుట ప్రింటరు పని.

ఇందుకు ప్రింటరులోనే ఒక చిన్న కంప్యూటరు ఉండవలెను. దానికి ఖర్చు హెచ్చు. కావున చౌక ప్రింటర్లను చేయువారు ఆ మెదడును తీసివైచి, చుక్కలుగా మార్చు పనినంతయు కంప్యూటరులోని డ్రైవరుమీదనే మోపిరి. మన దేశపు కార్యాలయములలో విరివిగా కనబడు కానన్ ఎల్.బి.పి. 2900 ఈ జాతిది. ఇట్టి ప్రింటరు తన సొంత రహస్యభాషను తప్ప మరి దేనిని ఎరుగదు. ఆ భాషకు డ్రైవరు ఏ నిర్వాహక వ్యవస్థకు ఉన్నదో, ఆ వ్యవస్థతోనే పనిచేయును. హాల్ టికెట్టు కథలోని ప్రింటరు ఉలుకక పలుకక ఉండుటకు కారణమిదియే.

ఇచ్చట ఒక చిన్న లెక్క గలదు. నిర్వాహక వ్యవస్థలు 10, ప్రింటరు రకములు 100 ఉన్నవనుకొనుడు. ప్రతి వ్యవస్థకు ప్రతి ప్రింటరుతో మాటలాడ వేర్వేరుగా డ్రైవరు వ్రాసినచో 10 × 100 = 1,000 డ్రైవర్లు కావలెను. అట్లు గాక అందరికి సమ్మతమైన ఒక నడిమి భాషను నిర్ణయించి, ప్రతి వ్యవస్థకు, ప్రతి ప్రింటరునకు దానిని ఒక్కమారు నేర్పినచో 10 + 100 = 110 చాలును. గుణకారము సంకలనముగా మారినది. ఒక ప్రింటరును పలు కంప్యూటర్లు పంచుకొను విద్య అంతయు ఈ మార్పులోనే ఉన్నది.

పంచుకొనుటకే పుట్టిన తీగ

కంప్యూటర్లను కలుపు వలల చరిత్రలో ప్రింటరునకు గొప్ప స్థానము కలదు. అమెరికాలో పాలో ఆల్టో నగరమందలి జిరాక్సు పరిశోధనాలయమున 1971లో గ్యారీ స్టార్క్‌వెదర్ లేజరు ప్రింటరును పనిచేయించెను. అది సెకనుకు ఒక పుట చొప్పున అచ్చు వేయగల పెద్ద యంత్రము. ప్రతి మేజాకు అట్టిది ఒకటి ఇచ్చుట అసాధ్యము. 1973లో ఆ పరిశోధనాలయముననే రాబర్టు మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ ఈథర్‌నెట్ అను తీగవలను రూపొందించిరి. పలువురి మేజాలమీది కంప్యూటర్లను ఆ ఒకే ప్రింటరుతో కలుపుట దాని ముఖ్య ప్రయోజనములలో ఒకటి. నేడు ప్రతి కార్యాలయమున గోడలవెంట పోవు నెట్‌వర్కు తీగలు ఆ వంశమువే.

1985లో ఆపిల్ సంస్థ లేజర్‌రైటరును వెలువరించినపుడు దాని ధర సుమారు 7,000 డాలర్లు. అంత ధర పెట్టి ఒక్కరే వాడుకొనుట కష్టము గనుక, పలు కంప్యూటర్లు పంచుకొనునట్లుగానే దానిని నిర్మించిరి. ప్రింటరును పంచుకొనుట పేదకార్యాలయముల సర్దుబాటు మాత్రమే కాదనుట కిది నిదర్శనము.

మరియొక కథ ప్రసిద్ధమైనది. 1980 ప్రాంతమున మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలోని ఒక ప్రయోగశాలకు జిరాక్సు వారి లేజరు ప్రింటరు బహుమతిగా వచ్చెను. అది వేరు అంతస్తులలో పనిచేయువారికిని ఉమ్మడి. కాగితము ఇరుకుకొన్నచో తెలియక పలువురు వ్యర్థముగా వేచియుండెడివారు. అచ్చటి రిచర్డ్ స్టాల్‌మన్ పూర్వపు ప్రింటరునకు, పని ఆగినపుడు వేచియున్న వారందరికి వార్త పంపునట్లు కార్యక్రమమును సవరించి యుండెను. క్రొత్త ప్రింటరునకును అట్లే చేయబూనగా, దాని కార్యక్రమపు మూలప్రతి ఆయనకు దొరకలేదు. తాళము వేసిన కార్యక్రమములపై ఆయనకు కలిగిన విరక్తికి ఈ అనుభవ మొక కారణము. 1983 సెప్టెంబరులో ఆయన గ్నూ ప్రణాళికను ప్రకటించెను. దాని ఫలములు, లైనస్ టోర్వాల్డ్స్ 1991లో వెలువరించిన లినక్స్ కలిసి, అందరు చదివి సవరింపదగిన నిర్వాహక వ్యవస్థ ఏర్పడినది. భారత ప్రభుత్వ సంస్థయైన సి-డాక్ 2007లో వెలువరించిన బాస్ అను వ్యవస్థయు, హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో సిద్ధపరచిన వ్యవస్థయు ఈ కుదురులోనివే.

నడిమి భాష ఏర్పడిన విధము

యూనిక్స్ జాతి కంప్యూటర్లు ఎల్.పి.డి. అను పద్ధతితో ప్రింటరును పంచుకొనెడివి. విండోస్ కంప్యూటర్లు ఎస్.ఎం.బి. అను మరియొక పద్ధతిని అవలంబించెను. ఒకరి మాట ఒకరికి తెలియదు. ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అను విద్యార్థి, యంత్రముల మధ్య పోవు సందేశములను గమనించి, వాని అర్థమును ఊహించి, 1992లో ఒక కార్యక్రమమును వెలువరించెను. సంతలో పొరుగువారి మాటలు విని లంబాడీనో కన్నడమునో నేర్చుకొన్నట్టి పద్ధతి యిది. అదే తరువాత సాంబా అను పేర ప్రసిద్ధి కెక్కినది. దాని సహాయముతో లినక్స్ కంప్యూటరు విండోస్ ప్రింటరును, విండోస్ కంప్యూటరు లినక్స్ ప్రింటరును వాడుకొనుట సాధ్యమయ్యెను.

ఇది దుబాసీ ఏర్పాటు. అంతకు మేలైనది అందరు ఒక ఉమ్మడి ఒడంబడికకు వచ్చుట. 1999లో ఐ.పి.పి., అనగా ఇంటర్నెట్ ప్రింటింగ్ ప్రోటోకాల్, ప్రకటింపబడినది. ఇందులో కంప్యూటరు మొదట ప్రింటరును ప్రశ్నించును: “నీవద్ద ఏ పరిమాణపు కాగితమున్నది? రంగులు కలవా? రెండు వైపుల అచ్చు వేయగలవా? పుటను ఏ రూపములో పంపవలెను?” ప్రింటరు సమాధానము చెప్పిన పిమ్మటనే పని పంపబడును. ప్రింటరే తన సంగతులు చెప్పుకొనగలిగినపుడు ప్రత్యేకపు డ్రైవరు అవసరము తగ్గును.

ఆ 1999లోనే మైకేల్ స్వీట్ అను నిపుణుడు ఐ.పి.పి. ఆధారముగా కప్స్ అను ముద్రణవ్యవస్థను వెలువరించెను. 2002లో ఆపిల్ దీనిని తన కంప్యూటర్లలో చేర్చుకొన్నది. లినక్స్ వ్యవస్థలలోను అదియే స్థిరపడినది. 2010లో ఆపిల్ ఫోనులకు వచ్చిన ఎయిర్‌ప్రింట్, 2013లో పలు ప్రింటరు సంస్థలు కలిసి ఆరంభించిన మోప్రియా ఏర్పాటు ఐ.పి.పి. పునాదిమీదనే నిలిచినవి. 2023లో మైక్రోసాఫ్ట్ కూడ, ప్రింటరు సంస్థల ప్రత్యేక డ్రైవర్లకు విండోస్ ద్వారా ఇచ్చు ఆదరణను క్రమముగా మానుకొందుమని ప్రకటించినది.

తెలుగు అక్షరములు చెదరకుండుట

కంప్యూటరు తెలుగు పుటను పంపునపుడు అదనముగా ఒక సూక్ష్మము కలదు. 1991లో వెలువడిన యూనికోడ్ ఏర్పాటులో తెలుగునకు 3072 మొదలు 3199 వరకు 128 సంఖ్యాస్థానములు కేటాయింపబడినవి. “నల్లగొండ” అను మాటను కంప్యూటరు 3112, 3122, 3149, 3122, 3095, 3146, 3074, 3105 అను ఎనిమిది సంఖ్యలుగా దాచును. ఇందులో మూడవది పొల్లు, ఆరవది ఒత్వము, ఏడవది సున్న. లకారము, పొల్లు, లకారము కలిసినపుడు లకు క్రింద ల వత్తు రావలెనను నియమమును ఫాంటును, అక్షరములను కూర్చు కార్యక్రమమును కలిసి అమలు జరుపును.

సామాన్యముగా ప్రింటరులో తెలుగు ఫాంటు ఉండదు. ఈ ఎనిమిది సంఖ్యలను మాత్రమే పంపినచో అది తెల్లమొగము వేయును. కావున కంప్యూటరే అక్షరములను కూర్చి, వాని ఆకారములను పంపవలెను. ఇందుకు రెండు మార్గములు కలవు. మొదటిది పుటను చిత్రముగా పంపుట. అంగుళమునకు 600 చుక్కల లెక్కన ఒక ఎ4 పుటలో సుమారు 3 కోట్ల 48 లక్షల చుక్కలుండును. ఎనిమిది చుక్కలకు ఒక బైటు చొప్పున సుమారు 43 లక్షల 50 వేల బైట్లు. రెండవది ఆకారములను పి.డి.ఎఫ్. లోనే పొదిగి పంపుట. 1993లో అడోబి ఆరంభించిన ఈ రూపములో అక్షరముల ఆకారములు పుటతోపాటే ప్రయాణము చేయును. సామాన్యముగా దీని పరిమాణము చాల తక్కువ.

పాత డి.టి.పి. ఫాంట్లలో మరియొక చిక్కు కలదు. వానిలో తెలుగు ఆకారములను ఇంగ్లీషు అక్షరముల స్థానములలో దాచెడివారు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరచినచో తెలుగునకు బదులు అర్థము లేని ఇంగ్లీషు గుర్తులు కనబడును. ఇది ప్రింటరు దోషము కాదు. ఒక వ్యవస్థలో వ్రాసి మరియొక వ్యవస్థనుండి అచ్చు వేయదలచినవారు యూనికోడులో వ్రాసి, పి.డి.ఎఫ్. గా మార్చి పంపుట ఉత్తమము.

పాఠశాలలో ఏర్పాటు చేయు విధము

ప్రింటరు నెట్‌వర్కు సౌకర్యము గలదైనచో దానిని ప్రధానోపాధ్యాయుని కంప్యూటరునకు గాక, రౌటరునకే కలుపవలెను. అపుడు ఏ ఒక్క కంప్యూటరు ఆగినను తక్కినవాని పని ఆగదు. రౌటరు ప్రతి యంత్రమునకు 192.168.1.20 వంటి ఒక చిరునామా ఇచ్చును. ఇది అప్పుడప్పుడు మారవచ్చును. ఇల్లు మారినవానికి పాత చిరునామాకు వ్రాసిన జాబు చేరనట్లే, చిరునామా మారిన ప్రింటరునకు పనులు చేరవు. కావున ప్రింటరు చిరునామాను రౌటరులో స్థిరపరచి, దానిని ఒక కాగితముమీద వ్రాసి ప్రింటరునకు అంటించుట మేలు.

ప్రింటరునకు యు.ఎస్.బి. తీగ మాత్రమే ఉన్నచో, మూలబడిన ఒక పాత కంప్యూటరులో లినక్స్, కప్స్ స్థాపించి ప్రింటరును దానికి తగిలింపవచ్చును. గిర్నివాని పనిని ఆ పాత యంత్రము వహించును. రహస్యభాష గల చౌక ప్రింటర్లలో కొన్నింటికి లినక్స్ డ్రైవర్లు దొరకును. అట్టి ప్రింటరు డ్రైవరును ఈ ఒక్క యంత్రములో స్థాపించిన చాలును. తక్కిన కంప్యూటర్లు, ఫోనులు దానితో ఐ.పి.పి. లో మాటలాడును. దొరకనిచో ప్రింటరు తగిలించిన విండోస్ కంప్యూటరే దానిని తక్కినవారికి పంచవలెను. అయితే పనివేళలందు అది నడచుచునే యుండవలెను. క్రొత్త ప్రింటరు కొనునపుడు ధర ఒక్కటే గాక, ఐ.పి.పి. ఎరుగునా, నెట్‌వర్కు త్రోవ కలదా యని అడుగుట దూరదృష్టి.

2016 అక్టోబరు 11న పాత నల్లగొండ, మహబూబునగర్ జిల్లాలు విభజింపబడి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడినవి. 2019లో నారాయణపేట వేరైనది. కార్యాలయములు పెరిగినచోట యంత్రములు వేర్వేరు కాలములలో, వేర్వేరు జాతులవి చేరును. అన్నింటిని ఒకే జాతికి మార్చుటకంటె, అన్నింటికి తెలిసిన భాష మాటలాడు ప్రింటరు నొకదానిని ఉంచుట సులభము.

కొన్ని జాగ్రత్తలు

మొదటిది కాగితపు కొలత. అమెరికా వారి లెటర్ కాగితము 216 × 279 మిల్లీమీటర్లు. ఎ4 కాగితము 210 × 297. కంప్యూటరులో లెటర్ అని ఉండి, పళ్ళెములో ఎ4 ఉన్నచో ప్రింటరు లెటర్ కాగితము కొరకు వేచియుండును. వెనుకనున్న పనులన్నియు నిలిచిపోవును. ప్రింటరు చెడినదని మెకానికును పిలుచుటకు ముందు దీనిని చూడవలెను.

రెండవది విద్యుత్తు. లేజరు ప్రింటరు సుమారు 200 డిగ్రీల సెంటిగ్రేడు వేడితో పొడిసిరాను కాగితమునకు అతికించును. ఆ వేడికై ఒక్కసారిగా హెచ్చు విద్యుత్తు లాగును. కంప్యూటరు కొరకుంచిన చిన్న యు.పి.ఎస్. నకు దానిని తగిలింపరాదు. వరుసను కాచు కంప్యూటరును మాత్రము తగిలింపవలెను.

మూడవది గోప్యత. ఉమ్మడి ప్రింటరు పళ్ళెములో పడిన కాగితము అందరి కంటబడును. ప్రశ్నపత్రములు, పిల్లల ధ్రువపత్రములు అచ్చు వేయునపుడు మనిషి ప్రింటరువద్ద నిలువవలెను. రహస్యసంఖ్య నొక్కిన గాని అచ్చు వేయని సౌకర్యమున్నచో వాడుకొనవలెను. ప్రింటరును పాఠశాల వలకు వెలుపల, ఇంటర్నెట్టులో ఎవరికైనను అందునట్లు ఎన్నడును ఉంచరాదు. 2021లో విండోస్ స్పూలరులోను, 2024లో కప్స్ సంబంధమైన కార్యక్రమములలోను పరులు చొరబడుటకు వీలైన లోపములు బయటపడినవి. సవరణలు వచ్చినవి, వానిని ఎప్పటికప్పుడు చేర్చుకొనువారికే రక్షణ.

విద్యార్థులు చేయదగిన పరిశీలన

యూనికోడులో “మహబూబునగర్” అను మాట వ్రాసి, ఒకే పి.డి.ఎఫ్. ను విండోస్ కంప్యూటరు నుండి, లినక్స్ కంప్యూటరు నుండి, ఫోను నుండి ఒకే ప్రింటరునకు పంపుడు. మూడు కాగితములను ఒకదానిపై నొకటి ఉంచి వెలుతురునకు పట్టి చూడుడు. అంచులు, అక్షరములు, వరుసలు ఒకదానితో నొకటి సరిపడినచో ఏర్పాటు చక్కగ నున్నదని అర్థము. తేడా కనబడినచో అది కాగితపు కొలతదా, ఫాంటుదా, డ్రైవరుదా యని ఒక్కొక్క కారణమును మార్చి చూచి కనిపెట్టుడు.

ఈ పరీక్షను పరీక్షల కాలమునకు ముందే చేసి యుంచిన పాఠశాలలో ఒక కంప్యూటరు మూలబడినను హాల్ టికెట్టు ఆగదు. పిల్లల వివరములు బడి గడప దాటవు. పలువురకు ఒకే గిర్ని చాలినట్లు, వరుసయు భాషయు త్రోవయు కుదిరినచోట పలు కంప్యూటర్లకు ఒకే ప్రింటరు చాలును.